14కు ఒకటి వాలు, నా రెండు మోకాళ్ళు

పొద్దున స్టేడియం గ్రౌండ్‌లో నడక అయిపోయాక మేం నలుగురం ఒక చాయ్ హోటల్లో కూర్చుంటాం. నడక కంటే చాయ్ దగ్గరే ఎక్కువసేపు గడుస్తుంది, అది వేరే సంగతి. నాలుగు నెలలు కాలిఫోర్నియాలో కొడుకు దగ్గర ఉండి మహబూబ్‌నగర్ తిరిగొచ్చిన మూడో రోజు అక్కడ కూర్చుని ఒక మాటన్నాను. ఒక కొండను కింది నుంచి పైదాకా నడిచి ఎక్కాను, 13 కిలోమీటర్లు, పాత రైలు కట్ట మీద, అని.

ఇద్దరు పగలబడి నవ్వారు. వాళ్ళ తప్పేం లేదు. రెండేళ్ళ కింద చైత్ర పున్నమికి అందరం కలిసి సలేశ్వరం పోయాం. "వస్తున్నం లింగమయ్యో" అని అరుచుకుంటూ లోయలోకి దిగేటప్పుడు నేనే ముందున్నాను. దర్శనం చేసుకుని వెనక్కి ఎక్కడం మొదలుపెట్టాక కుడి మోకాలు మొరాయించింది. ముసలమ్మలు, చంకలో పిల్లల్ని వేసుకున్న ఆడవాళ్ళు "పోయొస్తం లింగమయ్యో" అనుకుంటూ నా పక్కనుంచే ఎక్కిపోతుంటే నేను ఒక బండ మీద కూర్చుని వాళ్ళకు దారిస్తూ ఉండిపోయాను. చివరికి ఈ నవ్విన ఇద్దరే చెరో రెక్క పట్టుకుని పైకి తెచ్చారు. ఆ తర్వాత డాక్టరు మెట్లు బంద్ అన్నాడు. మన్యంకొండ మెట్లు బంద్, ఉమామహేశ్వరం మెట్లు బంద్, ఇంట్లో మేడ మీదికి కూడా రోజుకు ఒక్కసారే.

డ్రైవర్ సాబ్ ఒక్కడు నవ్వలేదు. ఎనభై దాటిన మనిషి. మన లైను మీటర్ గేజ్‌గా ఉన్నప్పుడు వైపీ స్టీమ్ ఇంజన్లు నడిపాడు, 1990ల్లో పెద్ద లైను పడ్డాక ఇంకొన్నాళ్ళు డీజిల్ మీద చేసి రిటైరయ్యాడు. ఆయన నా మోకాళ్ళ గురించి అడగలేదు.

"గ్రేడియంట్ ఎంత?"

నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళు ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ మోసుకుని కాలువ గట్ల మీద తిరిగినవాణ్ణి, అది కనుక్కోకుండా వస్తానా. "ఎక్కువలో ఎక్కువ 14కు ఒకటి" అన్నాను. అంటే 14 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు ఎత్తు.

"అబద్ధం" అని లేచి చెప్పులేసుకున్నాడు.

అప్పటి నుంచి రోజుకో ప్రశ్న. చెప్పిందే చెప్పి నాకూ విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను.

కొండ పేరు టమాల్పైస్. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటితే ఉత్తరాన మారిన్ కౌంటీలో ఉంటుంది, శిఖరం ఎత్తు 2,571 అడుగులు. మనవాళ్ళు పిల్లల దగ్గరికి వెళ్తే ముయిర్ వుడ్స్‌లో ఆకాశమంత రెడ్‌వుడ్ చెట్ల కింద నిలబెట్టి ఫోటోలు తీస్తారు కదా, ఆ అడవి ఈ కొండ కిందే ఉంది. నేనూ మొదట అక్కడికే వెళ్ళాను. అక్కడ మా అబ్బాయి మాటల్లో అన్నాడు, ఒకప్పుడు ఈ అడవిదాకా రైలు ఉండేదట నాన్నా, కొండ మీదికి కూడా ఉండేదట, ఇప్పుడు పట్టాలు లేవు గానీ ఆ కట్ట మీద జనం నడుస్తారు అని. రైలు అనగానే నాకు మోకాలు కాదు, లెక్క గుర్తొచ్చింది. రైలు మెట్లెక్కదు. రైలు ఎక్కిన చోట నేనూ ఎక్కగలను.

1896 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టి అదే ఏడు ఆగస్టుకల్లా రైలు నడిపేశారు. నేను చూసిన ఒక పిల్లకాలువకు భూసేకరణ కాగితాలు తిరగడానికే అంతకు పదింతలు పట్టింది, సరే, ఆ బాధ ఇప్పుడెందుకు. కింద మిల్ వ్యాలీ అనే ఊరి నుంచి శిఖరం పక్కన కట్టిన హోటల్ దాకా 8.19 మైళ్ళు, అంటే మన లెక్కలో 13 కిలోమీటర్ల పైచిలుకు. ఆ దూరంలో 281 మలుపులు. అన్ని మలుపులనూ ఒకదానికొకటి అతికిస్తే 42 పూర్తి చుట్లు అవుతాయని లెక్క కట్టారు. తిన్నగా ఉన్న అతి పొడవైన ముక్క 413 అడుగులట, అంటే మన స్టేషన్ ప్లాట్‌ఫారం అంత కూడా లేదు. చెక్క వంతెనలు 22. ప్రపంచంలోనే అత్యంత వంకర రైలు అని వాళ్ళే ప్రచారం చేసుకున్నారు, వంకరను కూడా టికెట్ పెట్టి అమ్మడం అంటే అదే.

ఈ వంకరంతా ఎందుకంటే, ఎక్కాల్సిన ఎత్తు మన చేతిలో ఉండదు, పొడవు మన చేతిలో ఉంటుంది. పొడవు పెంచితే వాలు తగ్గుతుంది. కాలువలోనూ మేం చేసేది ఇదే, కాకపోతే నీళ్ళు మహా సుకుమారం, 5000కు ఒకటి వాలు ఇస్తే చాలు వాటి దారిన అవి పోతాయి. ఇంజను అంత సుకుమారం కాదు, కానీ అదీ పంతం పట్టే జాతే, ఒక హద్దు దాటితే చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది తప్ప ముందుకు పోదు. అందుకని సర్వే చేసినవాడు కొండ మడతల్లోకి వెళ్ళి, బయటికొచ్చి, మళ్ళీ ఇంకో మడతలోకి వెళ్ళి, సగటున 20కి ఒకటి, ఎక్కడైనా 14కు ఒకటి దాటకుండా గీత గీశాడు. డిగ్రీల్లో చెబితే మూడు నుంచి నాలుగు. ఆ గీత మీద 130 ఏళ్ళ తర్వాత నేను నడిచాను.

జూలైలో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాం. నేను, అబ్బాయి, పన్నెండేళ్ళ మనవడు. కోడలు కారు తీసుకుని మధ్యాహ్నానికి కొండ పైకి వస్తానంది, ఎందుకంటే ఇప్పుడు పైదాకా తారు రోడ్డు ఉంది. దిగడం నా వల్ల కాదని ముందే ఒప్పందం. మోకాళ్ళున్నవాళ్ళకు తెలుస్తుంది, ఎక్కడం కంటే దిగడమే ప్రాణం తీస్తుంది.

జూలై అన్నానని ఎండ అనుకోకండి. సముద్రం మీది నుంచి మంచు పట్టి స్వెటర్ వేసుకోవాల్సి వచ్చింది. మొదట ఊరి ఇళ్ళ మధ్య నుంచి, పక్కన సన్నని వాగు, పైన రెడ్‌వుడ్ చెట్లు, నేల మెత్తగా తడిగా ఉంది. అక్కడ నాకు చాలా నిరుత్సాహం కలిగింది, నిజం చెబుతున్నా. రైలు కట్ట అంటే కంకర, కుళ్ళిన స్లీపర్లు, ఎక్కడో ఒక తుప్పు మేకు అయినా కనబడుతుందని ఊహించుకున్నాను. ఏమీ లేదు. మామూలు మట్టి బాట, ఒక జీపు పోయేంత వెడల్పు. పట్టాలు 1930లోనే పీకేశారు. మధ్యలో కొంత దూరమైతే బాట కాస్తా ఇళ్ళ ముందు తారు రోడ్డు అయిపోయింది, చెత్త డబ్బాలు పెట్టుకున్న గేట్ల ముందు నడిచాం.

అరగంట నడిచాక గానీ అర్థం కాలేదు, చూడాల్సింది నేల మీద ఏముందో కాదు అని. నా ఊపిరి మారలేదు. మాట్లాడుతూనే ఉన్నాను, మనవడికి కోయిల్‌సాగర్ కథ చెబుతున్నాను, వెనక్కి తిరిగి చూస్తే మిల్ వ్యాలీ ఇళ్ళు కిందికి దిగిపోయి ఉన్నాయి. ఎప్పుడు ఎక్కాం? కాళ్ళకు తెలియలేదు. ఒక వైపు కొండను తొలిచిన కటింగ్, ఇంకో వైపు లోయ, మధ్యలో ఆ వాలు, ఎక్కడా ఎగుడూ లేదు దిగుడూ లేదు. ఘాట్ రోడ్డు అలా ఉండదు, బస్సు డ్రైవరు గేరు మారుస్తాడులే అని మలుపు దగ్గర అమాంతం లేపేస్తారు. బాటలకైతే అడగనే అక్కర్లేదు, మేక ఎటు పోతే అటు. ఈ కట్ట వేసినవాడికి మాత్రం ఆ సౌకర్యం లేదు, ఒక్క చోట ఎక్కువ లేపినా ఆ రోజుకు రైలు అక్కడే ఆగిపోతుంది. ఇంజను కోసం పడ్డ జాగ్రత్త నా మోకాలికి కలిసొచ్చింది.

సైకిళ్ళ సంగతి చెప్పాలి. మౌంటెన్ బైకులు 1970ల్లో ఈ కొండ చుట్టుపక్కలే పుట్టాయట, ఆ గర్వం వాళ్ళకు ఇంకా దిగలేదు. పై నుంచి ఝుమ్మని వస్తారు, మలుపు దగ్గర గంట కొడతారు, మనం అంచుకు తప్పుకుంటామా, అంచున ఒక మొక్క ఉంటుంది, మూడేసి ఆకులు, నిగనిగలాడుతూ అందంగా ఉంటుంది. దాన్ని తాకవద్దని అబ్బాయి పది సార్లు చెప్పాడు. పాయిజన్ ఓక్ అంటారు. మన దురదగొండి గంటల్లో వదులుతుంది, ఇది తాకితే వారాల తరబడి బొబ్బలట. సైకిలుకు తప్పుకోవాలా ఆకుకు తప్పుకోవాలా అన్న టెన్షన్ తప్ప దారిలో నాకు వేరే కష్టం లేదు.

కొంత పైకి వెళ్ళాక ఒక చోట వస్తుంది, డబుల్ బో నాట్ అంటారు, జంట ముడి అనుకోండి. ఎత్తు ఎక్కడానికి కొండ మడతలు చాలక అక్కడ పట్టాను తన పక్కనే తనను అయిదు వరసలుగా తిప్పారు. వెళ్ళిన వైపే మళ్ళీ వస్తాం, ఒక మెట్టు పైన. ఎర్రటి బెరడు పొరలు పొరలుగా ఊడుతూ లోపల నున్నగా కనిపించే ఒక చెట్టు ఉంది, మాడ్రోన్ అంటారట, దాన్ని మొదట కింది నుంచి చూశాను, కాసేపటికి దాని కొమ్మలు నా భుజం ఎత్తులో ఉన్నాయి, ఇంకాసేపటికి దాని నెత్తి నా కాళ్ళ కింద ఉంది. మనవడు "తాతా, మనం తప్పిపోయామా?" అన్నాడు. లేదురా, సర్వేయరు చాలా బాగా చేశాడు అన్నాను. వాడికి ఎక్కలేదు. నాకు మాత్రం ఆ సర్వేయరు భుజం తట్టాలనిపించింది. లెవెల్ అద్దంలో అడ్డగీత చూసుకుంటూ, అవతల స్టాఫ్ అనే కొలకర్ర పట్టుకున్నవాడి మీద అరుస్తూ, ఈ పొదల్లో ఈ అయిదు వరసలు గీశాడంటే మాటలు కాదు.

డ్రైవర్ సాబ్‌కు ఇదంతా అక్కర్లేదు. "మలుపులు సరే. ఇంజను జారదా? ఊటీ రైలుకు 12కు ఒకటి ఉంది, ఒప్పుకుంటా, కానీ దానికి మధ్యల పళ్ళ పట్టా ఉంటది. గాడ పళ్ళున్నయా?"

పళ్ళ పట్టా లేదు. ఇంజన్లోనే ఉన్నాయి పళ్ళు. మొదట కొన్నది షే అనే రకం, ఆ తర్వాత హైస్లర్ రకం, రెండూ అడవుల్లో దుంగలు లాగడానికి పుట్టినవి. వైపీ లాంటి ఇంజన్లో పిస్టన్ కడ్డీ నేరుగా పెద్ద చక్రాలను తోస్తుంది. షేలో అలా కాదు, సిలిండర్లు కుడి పక్కన నిలువుగా ఉండి, ఇంజను పొడవునా ఉన్న ఒక షాఫ్టును తిప్పుతాయి, ఆ షాఫ్టు నుంచి పళ్ళ చక్రాల ద్వారా ప్రతి ఇరుసుకూ బలం అందుతుంది. ఊరికే దొర్లే చక్రం ఒక్కటీ ఉండదు, ఇంజను బరువంతా పట్టు కిందకే వస్తుంది. వేగం మాత్రం ఎడ్లబండికి అన్నలాంటిది. చాయ్ టేబుల్ మీద చక్కెర పొట్లాలు పెట్టి చూపిస్తే ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని చాలాసేపు చూశాడు.

"అంటే ట్రాక్టరు ఫస్ట్ గేరు లెక్క."

"అంతే సాబ్."

"ఇంజను ముందు కట్టిండ్రా, ఎనక కట్టిండ్రా?"

వెనక. పైకి పోయేటప్పుడు ఇంజను కింది వైపు ఉండి డబ్బాలను తోసుకుంటూ పోయేది, పాత ఫోటోలన్నిట్లో అలాగే ఉంది. ఇది చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. "గదీ! ఎనక నుంచి తోసే బ్యాంకరు ఇంజను లెక్క. కప్లింగు తెగినా డబ్బాలు ఇంజను మీదనే ఆనుకుంటయి, ఎనకకు ఉరకయి. తెలివైనోళ్ళే." మా వైపు 100కు ఒకటి ఉన్నా తడి పట్టాల మీద ఇసుక చల్లుకుంటూ ఎక్కేవాళ్ళమని, ఇసుక పెట్టె తడిసిందంటే ఆ రాత్రి దేవుడే దిక్కని ఆ రోజంతా ఆయనే చెప్పాడు. నా కొండ అక్కడే ఆగింది.

ఆ కొండ సంగతికి వస్తే, జంట ముడి దాటాక పెద్ద చెట్లు అయిపోయి పొట్టి పొదలు మొదలవుతాయి, నల్లమలలో పైకి పోయాక కనిపించే పొదల్లాగే ఉన్నాయి గానీ ఆకులు తోలులాగా గట్టిగా ఉంటాయి. అక్కడ మంచు కిందికి వెళ్ళిపోయింది. అంటే మంచు దిగలేదు, మేమే దాని పైకి వచ్చాం. కింద తెల్లగా దూది పరిచినట్టుంది, దాంట్లోంచి గోల్డెన్ గేట్ వంతెన స్తంభాల కొసలు మాత్రం పైకి పొడుచుకొచ్చాయి. అక్కడే వెస్ట్ పాయింట్ ఇన్ అని ఒక చెక్క ఇల్లు, 1904లో రైలు కంపెనీ కట్టింది. అవతలి వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళకు పోయేవాళ్ళు ఇక్కడ రైలు దిగి గుర్రబ్బండి ఎక్కేవాళ్ళట. ఇప్పటికీ కరెంటు లేదు. వరండాలో కూర్చుని కోడలు కట్టిచ్చిన పులిహోర, నేను ఊరి నుంచి మోసుకెళ్ళిన సకినాలు తిన్నాం. పక్క బల్ల మీద కూర్చున్న ఒక తెల్లాయన సకినం తీసుకుని రెండు వైపులా తిప్పి చూసి, ఇది కూడా చాలా వంకరగా ఉందే అన్నాడు. చుట్లు ఎక్కువ ఉంటేనే గట్టిగా ఉంటుందని అబ్బాయితో చెప్పించాను.

అక్కడి నుంచి పైకి ఇంకో మూడు కిలోమీటర్లు. పక్కనే పొదల్లోంచి నిటారుగా ఒక అడ్డదారి కనిపిస్తే మా అబ్బాయికి బుద్ధి పుట్టింది. "నాన్నా, మీరు మెల్లగా రండి, మేం ఇటు ఎక్కి పైన ఉంటాం." తాతా మనవళ్ళం కాదు, తండ్రీ కొడుకులు పోయారు. నేను నా రైలు వేగంతో నడుచుకుంటూ పోయాను, ఎక్కడా ఆగలేదు, ఆగాల్సిన పని పడలేదు. పైన కార్ల పార్కింగ్ దగ్గరికి వెళ్ళేసరికి ఇద్దరూ నేల మీద కాళ్ళు చాపుకుని పడి ఉన్నారు, చొక్కాలు తడిసి ముద్ద. నాకంటే ఎంత ముందు వచ్చారురా అంటే అబ్బాయి మాట్లాడలేదు. మనవడు చెప్పాడు, "పది నిమిషాలు తాతా." కోడలు నన్ను చూసి, "మామయ్యా, మీరు కార్లో వచ్చినట్టున్నారు" అంది. ఆ మాట నేను మా ఆవిడకు, వియ్యంకులకు, బ్యాంకు మేనేజరుకు, అందరికీ చెప్పాను.

చివరి శిఖరం దాకా మాత్రం పోలేదు. పార్కింగ్ నుంచి ఆ కాస్త దూరం రాళ్ళ దారి, రైలు అంతదూరం పోలేదు, రైలు పోని చోటికి నేను పోదల్చుకోలేదు.

రైలు ఎందుకు ఆగిపోయిందంటే, కొంత కార్ల వల్ల. 1920ల్లో పైకి రోడ్డు వేశారు, సొంత బండి ఉన్నవాడు టికెట్ ఎందుకు కొంటాడు? 1929 జూలైలో కొండకు నిప్పంటుకుంది, మిల్ వ్యాలీలో వందకు పైగా ఇళ్ళు కాలిపోయాయి. ఆ తర్వాతి ఏడుకల్లా రైలు కథ ముగిసింది. ఇంజన్లలో ఒక్కటి మాత్రం మిగిలింది, తొమ్మిదో నంబరు హైస్లర్, 1921లో తయారైంది. దాన్ని ఒక కలప కంపెనీ కొనుక్కుంది, తర్వాత స్కోషియా అనే ఊళ్ళో దశాబ్దాల పాటు ఆరుబయట ప్రదర్శనకు నిలబెట్టారు, 2018లో వేలానికి వస్తే ఈ కొండ రైలు అభిమానులు కలిసి కొనుక్కున్నారు. ఇది చెప్పినప్పుడు డ్రైవర్ సాబ్ ఏమీ అనలేదు. ఆయన నడిపిన ఇంజన్లు ఏ తుక్కు కిందకి పోయాయో ఆయనకు తెలుసు. ఆ రోజు నా చాయ్ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

పోయిన ఆదివారం ఇద్దరం ఆటోలో మన్యంకొండ పోయాం. మెట్ల వైపు కాదు, ఘాట్ రోడ్డు మీద కొంత దూరం నడుద్దామని. ఫోన్లో లెవెల్ పెట్టి నేల మీద ఆనించి చూస్తే నేను అక్కడ ఎక్కిన వాలు కంటే ఎక్కువే చూపించింది, మలుపుల దగ్గర మరీ. రెండు మలుపులకే నా మోకాలు సంగతి చెప్పింది, ఆటో పిలిచాం. ఆయనకు మాత్రం ఎనభై దాటినా ఆయాసం లేదు. ఫోను చూడకుండానే "ఈడ ఇంజను ఎక్కదు" అన్నాడు. కింద దూరంగా మన్యంకొండ స్టేషన్ మీదుగా ఏదో గూడ్సు పోతుంటే అది కనపడకుండా పోయేదాకా నిలబడి చూశాడు.

ఇక మా ఇద్దరి మధ్య మిగిలిన పేచీ ఒక్కటి. ఆ రోజుల్లో ఆ కొండ మీద ఇంకో వింత బండి నడిచింది. ఇంజను లేదు. ముప్పై మంది దాకా కూర్చునే ఓపెన్ డబ్బా, పై నుంచి కిందికి దాని బరువుతో అదే దిగుతుంది, ముందు ఒక మనిషి బ్రేకు పట్టుకుని కూర్చుంటాడు. అంతే. గ్రావిటీ కార్ అనేవాళ్ళు. అలాంటిది ఒకటి మళ్ళీ తయారు చేసి కొండ పైన చిన్న షెడ్డులో పెట్టారు, కాస్త పట్టా ముక్క కూడా వేశారు. శని ఆదివారాల్లో తెరుస్తారు, మేం శనివారమే పోయాం కాబట్టి చూశాం, ఎక్కి కూర్చుని ఫోటోలు దిగాం.

ఆ ఫోటోలు చూపించాను. డ్రైవర్ సాబ్ ఒక్కొక్కటీ వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. నేను, కోడలు, మనవడు నాలుక బయటపెట్టి, మళ్ళీ నేను.

"బ్రేకేది?"

బ్రేకు నా నడుము వెనక ఉంది.

"13 కిలోమీటర్ల దిగుడు, ఒక్క మనిషి, ఒక్క బ్రేకు. గా బ్రేకు ఫోటో తియ్యక నీ ఫోటో తీసుకున్నవా? ఇగ ఎందుకు పోయినవ్ ఇంజనీర్ సాబ్?"

అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. రెండు వారాలుగా ఏదో ఒక పని అడ్డం పడుతోందట, వచ్చే శనివారం తప్పకుండా కారేసుకుని పైకి వెళ్ళి, బ్రేకును నాలుగు వైపుల నుంచి తీసి పంపిస్తానన్నాడు. అప్పటిదాకా గ్రౌండ్‌లో నేను అవతలి గేటు నుంచి వెళ్తున్నాను.